ఉప్పుగాలిలో విమాన చక్రం

2022 ఫిబ్రవరి 19వ తేదీన బెంగుళూరు నుండి బయలుదేరిన ఒక చిన్న విమానం 140 నాటికల్ మైళ్లు ప్రయాణించి, సుమారు గంటన్నర తరువాత పుదుచ్చేరిలో దిగినది. దాని పేరు హంస-ఎన్.జి. ఇద్దరు మాత్రమే కూర్చోగల ఈ శిక్షణ విమానాన్ని రూపొందించినది బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ సంస్థ. 2021 సెప్టెంబరు 3వ తేదీన తొలిసారి గాలిలోకి లేచిన ఈ విమానం సముద్రమట్టపు గాలిలో ఏ విధంగా నడచుకుంటుందో తెలుసుకొనటానికే దానిని తీరానికి తీసుకొని వచ్చారు. ఎక్కే శక్తి, నిలకడగా సాగే వేగం, దిగబోతూ మరల పైకి లేవటం, ఇంజను పనితీరు, విమాన దేహం తట్టుకొనగల ఒత్తిడి మొదలైనవన్నీ పరీక్షకు వచ్చినవి. పుదుచ్చేరి గాలిలో 18 గంటలు ఎగిరిన తరువాత, మార్చి 5వ తేదీన అది బెంగుళూరుకు తిరిగి వెళ్లినది.

ఇటువంటి వార్త చదివినప్పుడు పాఠకుని దృష్టి సహజంగా రెక్కలపైనా, ఇంజనుపైనా నిలుస్తుంది. విమానమంటే ఎగిరేది కదా! నేలమీద దొర్లే చక్రాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ. కాని ఎగిరిన ప్రతి విమానమూ తిరిగి నేలను తాకవలసినదే. ఆ క్షణంలో విమానం బరువంతా మోసేది మూరెడు వ్యాసమైనా లేని చక్రాలు మూడు. ఆ చక్రాలకు ఏ రిమ్ము ఎంచుకోవాలి, దానిని ఎట్లా కాపాడుకోవాలి అనే ప్రశ్న సముద్రతీరపు ఊళ్లలో ఒక ప్రత్యేకమైన ప్రాముఖ్యాన్ని సంతరించుకుంటుంది. బెంగుళూరులో మంచిదనిపించుకున్న చక్రం పుదుచ్చేరిలోనూ అంతే మంచిదని ముందుగా అనుకొనటానికి వీలు లేదు.

చక్రం చేసే పని

ఎద్దుబండి చక్రం పని మనకు తెలిసినదే. బరువు మోయటం, నెమ్మదిగా దొర్లటం, గతుకులకు ఓర్చుకొనటం. ఇరుసుకు కందెన పెట్టి, ఇనుప పట్టా వదులు కాకుండా చూచుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. విమాన చక్రం పరిస్థితి అది కాదు. గాలిలో ఉన్నంతసేపూ అది కదలక మెదలక ఉంటుంది. నేల తగిలిన మరుక్షణంలో పూర్తి వేగంతో తిరగాలి.

చిన్న శిక్షణ విమానాలలో తరచుగా కనిపించే టైరు కొలత 6.00-6. అనగా టైరు మందం ఆరు అంగుళాలు, రిమ్ము వ్యాసం ఆరు అంగుళాలు. ఈ టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.4 మీటర్లు ముందుకు పోతుంది. విమానం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో దిగినదనుకుంటే, నిశ్చలంగా ఉన్న చక్రం రెప్పపాటులో సెకనుకు 20 చుట్ల వేగాన్ని అందుకోవాలి. నిమిషానికి 1,200 చుట్లన్నమాట.

వేగాన్ని అందుకొనటం ఒక కష్టమైతే, దానిని వదలించుకొనటం మరొక కష్టం. 750 కిలోల విమానం ఆ వేగంతో నేలను తాకినప్పుడు దానిలో ఉండే చలనశక్తి, ఒక లీటరు మామూలు నీటిని దాదాపు మరిగే స్థితికి తీసుకొని రాగలంత ఉంటుంది. ఈ శక్తిలో కొంత గాలి ప్రతిఘటనకు పోయినా, మిగిలినదంతా బ్రేకులలో వేడిగా మారుతుంది. ఆ వేడిలో కొంత రిమ్ముకు చేరుతుంది. పక్కగాలి వీస్తున్న రోజున విమానం కొంచెం ఓరగా దిగితే, చక్రాన్ని పక్కకు వంచే బలం కూడా తోడవుతుంది.

శిక్షణ విమానానికి మరొక కష్టం కూడా ఉన్నది. ప్రయాణికుల విమానం ఒకసారి లేచి ఒకసారి దిగుతుంది. విద్యార్థి నడిపే విమానమో, ఒకే గంటలో అనేకసార్లు నేలను తాకి లేస్తూ ఉంటుంది. ఆ దిగటాలలో కొన్ని మృదువుగా ఉంటాయి, కొన్ని ఉండవు. విద్యార్థి చేసే పొరపాట్లకు మొట్టమొదట మూల్యం చెల్లించేది చక్రమే.

రెండు సగాల కూర్పు

సైకిలు రిమ్ము ఏకఖండంగా ఉంటుంది. దాని టైరు మెత్తగా వంగుతుంది కనుక అంచు మీదుగా ఎక్కించవచ్చు. విమానపు టైరు అంచులో బలమైన ఉక్కు తీగలు ఉంటాయి. అది అట్లా వంగదు. అందువలన చిన్న విమానాల రిమ్మును సాధారణంగా రెండు సగాలుగా తయారు చేస్తారు. శనగగింజలోని రెండు బద్దలవలె ఆ సగాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. వాటి నడుమ టైరును అమర్చి, బోల్టులతో బిగిస్తారు. నడిమి రంధ్రంలో బేరింగులు, ఒక పక్కన బ్రేకు పళ్లెం ఉంటాయి.

ఈ నిర్మాణంలో బలహీనమైన చోట్లు రెండు. మొదటిది టైరు అంచు ఆనుకొని ఉండే మూల. టైరులోని గాలి ఒత్తిడి అంతా అక్కడనే రిమ్మును బయటకు తోస్తూ ఉంటుంది. రెండవది బోల్టులు దూరే రంధ్రాల చుట్టుపట్ల. పగుళ్లు పుట్టేది తరచుగా ఈ రెండు చోట్లనే. దురదృష్టమేమంటే, టైరు ఎక్కించిన తరువాత ఆ మూల కంటికి కనిపించదు. నీరు చేరి నిలిచేది కూడా ఆ మూలలోనే.

బరువు తగ్గించాలనే ఆశ

రిమ్ము కొనబోయేవారి ముందుకు వచ్చే లోహాలు ముఖ్యంగా రెండు. ఒకటి అల్యూమినియం మిశ్రమం, రెండవది మెగ్నీషియం మిశ్రమం. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే, మెగ్నీషియం 1.74 గ్రాములే తూగుతుంది. విమానం కట్టేవారికి ఇది చిన్న ఆకర్షణ కాదు. ప్రతి గ్రాము బరువూ ఇంధనంతో మోయవలసినదే కనుక మెగ్నీషియం రిమ్ములు విమానరంగంలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవి. పందెపు కార్లు కూడా వాటినే కోరుకున్నవి.

అయితే ఆదా అయ్యే బరువు ఎంతో ఒకసారి లెక్క చూడవలసి ఉన్నది. రెండు కిలోలు తూగే అల్యూమినియం రిమ్మును అదే ఆకృతిలో మెగ్నీషియంతో చేస్తే సుమారు 1.3 కిలోలు తూగుతుంది. మూడు చక్రాలకూ కలిపి మిగిలేది రెండు కిలోలు. 750 కిలోల విమానంలో ఇది మూడు వందల వంతులలో ఒక వంతైనా కాదు. విద్యార్థి తన భోజనపు డబ్బాను, నీళ్ల సీసాను ఇంటివద్ద వదలి వస్తే దాదాపు అంత బరువూ తగ్గుతుంది. ఆ రెండు కిలోల కోసం చెల్లించే మూల్యమేమిటన్నది తరువాతి ప్రశ్న. సమాధానం ఊరినిబట్టి మారుతుంది.

సముద్రం చెప్పే పాఠం

పుదుచ్చేరి బీచి రోడ్డున నడిచేవారికి నీటిలో నిలిచి ఉన్న కొన్ని పాత స్తంభాలు కనిపిస్తాయి. ఫ్రెంచివారి కాలపు ఓడరేవు వంతెనకు మిగిలిన అవశేషాలవి. 1952 నాటి తుఫాను ఆ వంతెనను పడగొట్టినది. దాని తరువాత కట్టిన కొత్త వంతెనలో కొంత భాగం 2022 మార్చిలో, అనగా హంస తన పరీక్షలు ముగించుకొని పోయిన రోజులలోనే, సముద్రంలో కూలిపోయినది. అలల తాకిడికి ఉప్పు తోడైనప్పుడు ఎంతటి కట్టడమైనా లొంగక తప్పదు.

కాని ఉప్పు పనిచేయటానికి అల వచ్చి తాకవలసిన అవసరం లేదు. కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో కలిసి ఊరిలోనికి వస్తుంది. నీరు ఆవిరైనా ఉప్పు మిగులుతుంది. రాత్రిపూట తేమ పెరిగినప్పుడు ఆ ఉప్పు తేమను పీల్చుకొని లోహంపై కంటికి కనిపించని తడిపొరను నిలుపుతుంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన యానాంలో గాని, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్లలో గాని సైకిలు రిమ్ములు, కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడి గృహస్థులకు చెప్పనవసరం లేదు. ఇక ఈశాన్య ఋతుపవనాల కాలంలో వానలు కూడా తోడవుతాయి. 2024 నవంబరు చివర వచ్చిన ఫెంగల్ తుఫానులో పుదుచ్చేరిలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది.

ఈ తడిపొరలో జరిగేది ఒక చిన్న బ్యాటరీ పని. టార్చిలైటులోని పాతకాలపు సెల్లు జ్ఞాపకం చేసుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. ఆ సెల్లు వెలుగు ఇస్తున్నంతసేపూ దాని జింకు డబ్బా కరుగుతూ ఉంటుంది. అదే విధంగా, రెండు వేర్వేరు లోహాలు తగులుకొని ఉండి, వాటిపై ఉప్పునీరు చేరితే వాటి మధ్య విద్యుత్తు ప్రవహిస్తుంది, రెండింటిలో చురుకైన లోహం కరిగిపోతుంది. నిర్మాణాలలో వాడే లోహాలలో అత్యంత చురుకైనది మెగ్నీషియం. దాని రిమ్ములో దూరి ఉండేవి ఉక్కు బోల్టులు. రంగు పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఏ ప్రమాదమూ లేదు. ఒక్క గీత పడితే చాలు, అక్కడినుండి లోహం తెల్లని పొడిగా రాలుతూ గుంటలు పడుతుంది. సముద్రంపై ఓడల నుండి ఎగిరే విమానాలలో మెగ్నీషియం వాడకాన్ని బాగా తగ్గించుకొనటానికి కారణం ఇదే.

అల్యూమినియం మిశ్రమాలు ఉప్పుకు పూర్తిగా అతీతమైనవి కావు. కాని గాలి తగిలిన వెంటనే అల్యూమినియంపై సన్నని ఆక్సైడు పొర ఏర్పడి, లోపలి లోహాన్ని చాలావరకు కాపాడుతుంది. అనోడీకరణమనే విద్యుత్ ప్రక్రియతో ఆ పొరను మరింత మందంగా చేయవచ్చు. దానిపైన రంగు వేస్తే రక్షణ రెట్టింపవుతుంది.

గుంట నుండి పగులుకు

తినివేయబడిన లోహం అందవికారంగా ఉంటుందనటంతో సమస్య ముగియదు. ఉప్పు చేసిన గుంటకు, లోహపు అలసటకు దగ్గర చుట్టరికం ఉన్నది. సన్నని తీగను అటూ ఇటూ పలుమారులు వంచితే విరుగుతుంది. ఏ ఒక్క వంపుకూ విరగనిది అన్ని వంపులూ కలిసినప్పుడు విరిగినది. రిమ్ము ఒక్క చుట్టు తిరిగినప్పుడు దానిలోని ప్రతి భాగమూ ఒకసారి బరువు కిందికి వచ్చి, ఒకసారి పైకి పోతుంది. అది కూడా ఒక వంపే. విమానం నేలపై ఒక కిలోమీటరు దొర్లితే రిమ్ముకు ఇట్లాంటి వంపులు 700 దాకా పడతాయి.

నున్నని లోహం ఈ వంపులను లక్షలసార్లు ఓర్చుకుంటుంది. దానిపై చిన్న గుంట ఉంటే బలమంతా ఆ గుంట అడుగున కేంద్రీకరిస్తుంది. అక్కడ వెంట్రుకవాసి పగులు మొదలై, ప్రతి దిగటంలోనూ ఒక రవ్వ ముందుకు సాగుతుంది. చివరకు టైరు అంచు దగ్గర రిమ్ము పెచ్చు ఊడిపోతే గాలి ఒక్కసారిగా పోతుంది. పరుగు మధ్యలో ఒక చక్రం కూలబడిన విమానం ఆ పక్కకు లాగుకొనిపోతుంది. చుక్కాని పట్టినవాడు మొదటిసారి ఒంటరిగా ఎగురుతున్న పంతొమ్మిదేళ్ల విద్యార్థి అయితే, ఆ కొద్ది సెకనులలో అతని నుండి ఆశించదగినది ఎంత?

పీఠభూమి, తీరం

బెంగుళూరులోని హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి సాంద్రత తీరంకంటె సుమారు 8 శాతం తక్కువ. పలుచని గాలి రెక్కలను మోయాలంటే విమానం కొంచెం ఎక్కువ వేగంతో పోవాలి. పైలటు ముందున్న వేగమాపకం రెండు చోట్లా ఒకే అంకెను చూపినా, నేలమీద వాస్తవమైన వేగం బెంగుళూరులోనే అధికం. లెక్క వేసి చూస్తే, నిశ్చలమైన గాలిలో దిగినప్పుడు బ్రేకులు మింగవలసిన శక్తి పుదుచ్చేరిలో కంటె బెంగుళూరులో సుమారు 9 శాతం ఎక్కువ.

ఈ లెక్క ప్రకారం పుదుచ్చేరిలో చక్రానికి శ్రమ తక్కువ. కాని తీరంలో విమానం షెడ్డులో కదలకుండా ఉన్న రాత్రిపూట కూడా ఉప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది. పీఠభూమిలో రిమ్ముకు వయస్సు దిగిన లెక్కను బట్టి పెరుగుతుంది. తీరంలో క్యాలెండరును బట్టి కూడా పెరుగుతుంది. నెలల తరబడి ఎగరని విమానానికి చక్రాలు కొత్తవిగానే ఉన్నాయనుకొనటం తీరవాసులు చేయగూడని పొరపాటు.

ఎంపికలో ముందువెనుకలు

మొదట చూడవలసినది అనుమతి. ధ్రువపత్రం పొందిన విమానానికి ఏ చక్రం అమర్చవచ్చునో తయారీదారు పత్రాలలో స్పష్టంగా ఉంటుంది. మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనలకు లోబడి, లైసెన్సు పొందిన ఇంజనీరు చేతులమీదుగానే మార్పు జరగాలి. బజారులో దొరికే స్కూటరు రిమ్ము కొలతకు సరిపోయినా విమానానికి పనికిరాదు. స్కూటరు మలుపులో వాలుతుంది కనుక దాని చక్రంపై పక్కబలం తక్కువ. విమానం వాలదు. పక్కగాలిలో ఆ బలాన్నంతటినీ రిమ్మే ఓర్చుకోవాలి.

రెండవది బరువు మోసే సామర్థ్యం. విమానపు గరిష్ఠ బరువుకు ప్రతి చక్రం మీద పడే భారం ఎంతో చూచి, అంతకంటె మిగులు ఉన్న రిమ్మును ఎంచుకోవాలి.

మూడవది లోహం. అనుమతించిన వాటిలో రెండు రకాలూ ఉన్నట్లయితే, తీరంలో నివసించబోయే విమానానికి అల్యూమినియమే తగినది. అందులోనూ పోతపోసిన రిమ్ము చౌక. ఒత్తిడితో సాగగొట్టి చేసిన ఫోర్జింగు రిమ్ము ఖరీదైనది. పోతలో కంటికి కనిపించని గాలిబుడగలు మిగలవచ్చు. ఫోర్జింగులో లోహపు రేణువులు ఒత్తుగా సర్దుకుంటాయి కనుక అలసటకు ఎక్కువగా ఓర్చుకుంటుంది. పగలంతా విద్యార్థులను దించే విమానానికి ఆ అదనపు ఖర్చు వృథా కాదు. అతి తేలికైన సొంత విమానాలకు నైలాను రిమ్ములు కూడా కద్దు. వాటిని ఉప్పు తినలేదు గాని, గట్టి బ్రేకుల వేడికి అవి తాళలేవు.

నాలుగవది తోడు సామగ్రి. బ్రేకు పళ్లెం మామూలు ఉక్కుదైతే తీరంలో రెండు రోజులు నిలిపి ఉంచేసరికి ఎర్రబడుతుంది. ఆ తుప్పు బ్రేకు ప్యాడ్లను అరగదీస్తుంది. క్రోమియం పూత పూసిన పళ్లేలు ఇటువంటి చోట్ల మన్నిక చూపుతాయి. బోల్టులకు కూడా సరియైన పూత ఉండాలి.

ఇప్పటికే మెగ్నీషియం రిమ్ములు ఉన్న విమానాన్ని కొన్నవారు బెంబేలు పడవలసిన పని లేదు. రంగు పొరను కంటికి రెప్పగా కాపాడుకుంటే అవి కూడా పనిచేస్తాయి. అయితే వాటికి నిప్పుతో సంబంధించిన ఒక జాగ్రత్త ఉన్నది. బ్రేకులు విపరీతంగా వేడెక్కి మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు పోయరాదు. మండే మెగ్నీషియం నీటినుండి హైడ్రోజనును విడదీసి మంటను పెంచుతుంది. లోహపు మంటలకు ఉద్దేశించిన పొడిమందు షెడ్డులో సిద్ధంగా ఉంచుకోవాలి.

చేతిపనిలో జాగ్రత్త

మంచి రిమ్మును కొనటం సగం పని మాత్రమే. మిగిలిన సగం టైరు మార్చే రోజున జరుగుతుంది. రిమ్ము లోపలి ముఖం వెలుగు చూచేది ఆ రోజుననే కనుక అది పరీక్షకు కూడా తగిన రోజు. టైరును స్క్రూడ్రైవరుతోనో, ఇనుప కమ్మీతోనో పెకలించకూడదు. అది గీసిన గీతే ఉప్పుకు ద్వారం తెరుస్తుంది. టైరు అంచును చుట్టూ సమానంగా నొక్కి వదులు చేయాలి. తరువాత రిమ్మును కడిగి, ఆరబెట్టి, టైరు ఆనే మూలను, బోల్టు రంధ్రాలను భూతద్దంతో చూడాలి. అనుమానం ఉన్నచోట రంగు తొలగించి రంగుద్రవ పరీక్ష చేయాలి. పగులులోనికి ఇంకిన ఎర్రని ద్రవం తెల్లని పొడిపై గీతగా తేలి కనిపిస్తుంది. పగిలిన రిమ్ముకు వెల్డింగు వైద్యం లేదు. దానిని పక్కన పడవేయటమే న్యాయం.

తిరిగి బిగించేటప్పుడు బోల్టులు ఎంత బలంతో తిరగాలో తయారీదారు నిర్ణయించి ఉంటాడు. చేతి అంచనా చాలదు, టార్కు స్పానరు వాడాలి. వదులైతే సగాలు ఒరుసుకుంటాయి. అతిగా బిగిస్తే బోల్టు సాగిపోతుంది. వారానికి ఒకసారి మంచినీటితో చక్రాలను తుడవటం, బేరింగులలోకి నీటిధార పోకుండా చూడటం, గడువు ప్రకారం పాత కందెన తీసి కొత్తది పెట్టటం తీరంలో అత్యవసరం.

వీటన్నింటికంటె ముఖ్యమైన నియమం ఒకటి ఉన్నది. టైరులో గాలి ఉండగా రెండు సగాలను కలిపే బోల్టులను ఎన్నడూ విప్పరాదు. చక్రాన్ని ఇరుసునుండి తీసే ముందుననే గాలి పూర్తిగా వదలి, వాల్వు లోపలి పుల్లను కూడా తీసివేయాలి. గాలితో నిండిన చక్రంలో ఆఖరి మర వదులైన క్షణాన రెండు సగాలూ ఫిరంగి గుండువలె విడిపోతాయి. ఈ తొందరపాటు వలన ప్రపంచంలో అనేకచోట్ల మెకానిక్కులు గాయపడ్డారు, ప్రాణాలు కూడా పోయినవి. రిమ్ము ఎంత గట్టిదైనా ఈ పొరపాటునుండి ఎవరినీ కాపాడలేదు.

పుదుచ్చేరిలో పరీక్షలు ముగిసిన మూడేళ్లకు, 2025లో, హంస-ఎన్.జి.ని ఉత్పత్తి చేసే బాధ్యతను ఒక భారతీయ ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ఇకపై మన విద్యార్థులు మన విమానాలపై పీఠభూములలోను, తీరాలలోను శిక్షణ పొందే అవకాశం పెరుగుతుంది. ఊరు ఏదైనా, శిక్షకుడు విద్యార్థిని విమానం ఎక్కించే ముందు దాని చుట్టూ ఒకసారి నడిపిస్తాడు. ఆ నడకలో ప్రతి చక్రం దగ్గర మోకాలిపై కూర్చొని, రిమ్ము అంచున తెల్లని పొడి ఉన్నదా, రంగు ఎక్కడైనా పొక్కినదా అని వేలితో తడిమి చూడటానికి అర నిమిషం పడుతుంది. సముద్రపుగాలి వీచే పుదుచ్చేరి వంటి ఊరిలో ఆ అర నిమిషాన్ని ఆదా చేసుకొనటానికి వీలు లేదు.